సమ్మెనాడు ఊడ్చిన పొగగొట్టం

మొన్న మా కోరుట్ల ఇంటికి నీలం చొక్కా వేసుకున్న ఒక అబ్బాయి వచ్చాడు. మా కోడలు గ్యాసు పొయ్యికి పైన గోడకు బిగించుకున్న కరెంటు చిమ్నీని శుభ్రం చేయడానికి కంపెనీ వాళ్లు పంపిన మనిషి. జాలీలు ఊడదీసి, వేడినీళ్లలో సబ్బుపొడి వేసి నానబెట్టి, పళ్లు తోముకునే బ్రష్షుతో గీకి, గంట తిరగకముందే పని ముగించాడు. ముగించి ఊరుకున్నాడా, నూనె పేరుకుంటే నిప్పు అంటుకుంటుందని, నెలకోసారి తప్పకుండా కడుక్కోవాలని కోడలికి పాఠం మొదలుపెట్టాడు. అంతదాకా కుర్చీలో బుద్ధిగా కూర్చున్న నేను ఇక ఉండబట్టలేకపోయాను.

"తమ్మీ, గీ ఒక్క డబ్బ కడిగి గింత చెప్తున్నవ్. సకల జనుల సమ్మెల నేను మూడు నూర్ల పొగగొట్టాలు ఊడ్చిన. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, మూడు ఊర్లల్ల పొయ్యి ఆరకుంట సూసుకున్నోణ్ణి నేను. ఎరికేనా?"

ఆ అబ్బాయి నోరు తెరిచి, చేతిలోని జాలీ పక్కన పెట్టి, "అవునా తాతా!" అన్నాడు. గడప దగ్గర వెల్లుల్లి ఒలుస్తున్న మా ఆవిడ మాత్రం తలెత్తలేదు. ముక్కుతో చిన్నగా నవ్వింది. నలభై ఏళ్లకు పైగా వింటున్నాను ఆ నవ్వు. నా మాటల్లో గింజ ఎంతో, పొట్టు ఎంతో దానికి బాగా తెలుసు. అందుకే ఆమె నోరు విప్పకముందే జరిగింది జరిగినట్టు నేనే రాసి పెట్టుకోవడం మేలనిపించింది. మూడు వందలు కాకపోవచ్చు. వంద అనుకోండి.

నా ఈడువాళ్లకు వంటింటి పొగ గురించి వేరే చెప్పనక్కరలేదు. మా అమ్మ ముఖం తలచుకుంటే నాకు ముందుగా కనిపించేవి ఎర్రబడిన కళ్లు. కోపం వచ్చి కాదు, ఏడ్చీ కాదు; పచ్చి తుమ్మకట్టె పొగతో. ఊదుగొట్టంతో ఊది ఊది, ఒక చేత్తో కొంగు కళ్లకు అద్దుకుంటూ మరో చేత్తో జొన్నరొట్టె తిప్పేది. ఇంటి వాసాలు, దూలాలు, గోడ మీది దేవుని పటం, అన్నిటిదీ ఒకటే రంగు. పొగ తనకు తోచినప్పుడు పెంకుల సందుల్లోంచి బయటికి పోయేది. తోచకపోతే ఇంట్లో మనిషిలాగే మాతోపాటు ఉండిపోయేది.

జగిత్యాలలో మా మేనమామ తాపీపని చేసేవాడు. పొగలేని పొయ్యిలు కట్టించే పథకం పల్లెలకు వచ్చిన కాలంలో ఆయన ఆ పని నేర్చుకుని, అప్పటికే పెళ్లయిన నన్ను వెంట తిప్పుకుని నాకూ నేర్పాడు. మట్టితో రెండు గుంటల పొయ్యి, దాని వెనక నుంచి గోడ వెంబడి కప్పు దాటి పైకి పోయే సిమెంటు గొట్టం, వాన పడకుండా గొట్టం కొసకు ఒక రేకు టోపీ. చూడటానికి అంతే. కాని మామ దృష్టిలో పొయ్యి కట్టడం అసలు పనే కాదు, గొట్టాన్ని కాపాడటమే పని. "పొయ్యి కట్టుడు పెండ్లి అసొంటిది, గొట్టం ఊడ్సుడు సంసారం అసొంటిదిరా అల్లుడా" అనేవాడు.

ఆయన చెప్పిన జాగ్రత్తలు ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. గొట్టానికీ కప్పు వాసానికీ మధ్య జానెడు ఎడం ఉండాలి. ఆనుకుని ఉంటే ఎండి ఎండి ఆ వాసం ఎప్పుడో ఒకనాడు రాజుకుంటుంది. గొట్టం కప్పును దాటే చోట నూనె డబ్బా రేకు చుట్టాలి. లోపల మసి రూపాయి బిళ్ల మందాన పేరుకుందంటే ఊడ్చే రోజు వచ్చినట్టే. ఆ మసికి నిప్పు తగిలితే గొట్టం రైలింజనులా మోగుతుంది, ఆ మోత విన్నవాడు ఇంట్లో ఉండకూడదు. అతుకుల్లో పగులు కనిపిస్తే ఎర్రమట్టి, పేడ, సన్నగా తరిగిన గడ్డి కలిపి పిసికి మెత్తాలి. అంతా అయ్యాక పొయ్యి నోటి దగ్గర ఊదుబత్తి పట్టుకోవాలి. పొగ లోపలికి వంగితే గొట్టం బతికినట్టు. ముఖం మీదికి వస్తే మళ్లీ నిచ్చెన ఎక్కాల్సిందే.

అలా ఊరూరా తిరిగి కట్టిన పొయ్యిల్లో ఒకటి సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడు ఎన్నడూ ఆగని ఒక వీధిలో, పెంకుటింట్లో ఉంది. ఆ ఇంటి ఇల్లాలు చంకలో పసివాణ్ణి ఎత్తుకుని పక్కనే నిలబడి, పొయ్యి ఎండకముందే నీళ్లు కాచి చూడాలని తొందరపడి మామ చేత చీవాట్లు తిన్నది. ఆ పసివాడు పచ్చి మట్టిలో వేలు గుచ్చి గుంట చేశాడు. ఇరవై ఏళ్లకు ఆ వేలు గుచ్చినవాడికే నా బిడ్డనిచ్చాను. సంబంధం మాట్లాడుకోవడానికి వెళ్లిన నాడు ఆమె మర్యాదలన్నీ పక్కనపెట్టి, "గా పొయ్యి కట్టినాయన బిడ్డనా? ఇగ సూసేదేమున్నది" అన్నది. ఏడో తరగతి దాటని నాకు బతుకులో దొరికిన పట్టా ఏదైనా ఉందంటే అది ఆ మాటే.

తర్వాత ఇంటింటికీ గ్యాసు వచ్చింది. పొయ్యిల మీద బియ్యం డబ్బాలు ఎక్కాయి, గొట్టాల్లో పావురాలు కాపురం పెట్టాయి. నేను తాడు, నిచ్చెన అటక మీద పెట్టి గోడలు కట్టుకుంటూ బతికాను. నాకేమీ దిగులు లేదు; మా అమ్మ కళ్లు చూసినవాణ్ణి, పొగ పోయిందంటే ఏడుస్తానా?

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. ఆ రోజులు మీకూ గుర్తే. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్లలో, ఉద్యోగులు రోడ్ల మీద. బొగ్గు లేక కరెంటు వచ్చినప్పుడే వచ్చినట్టు. లారీలు ఆగిపోయి మా వైపు గ్యాసు బండలు రావడం ఆగిపోయింది. మొదటి వారం అందరూ ఓపిక పట్టారు. రెండో వారం పాత పొయ్యిల మీది బియ్యం డబ్బాలు దిగాయి. పొయ్యి వెలిగించారు, ఏళ్ల తరబడి మూసుకుపోయిన గొట్టంలోంచి పొగ ఎదురు తిరిగి ఇంట్లోవాళ్లను వీధిలోకి తరిమింది. అప్పుడు గుర్తొచ్చాను నేను. ఏడెనిమిదేళ్లుగా నమస్తే చెప్పని ఇళ్లవాళ్లు కూడా "మేస్త్రీ ఉన్నడా" అంటూ మా అరుగు మీద కూర్చున్నారు. అబద్ధమెందుకు, నాకు గర్వంగా అనిపించింది. ఒక్కొక్కరిని కాసేపు కూర్చోబెట్టి మరీ లేచాను.

గొట్టం ఊడ్చడానికి మా మామ పద్ధతి ఒకటుంది. తంగేడు కొమ్మలు గుప్పెడు లావు కట్ట కట్టి, కింద సేరు బరువు రాయి వేలాడదీసి, తాడుతో పైనుంచి గొట్టంలోకి దించి లాగుతూ వదులుతూ ఉండాలి. తంగేడు వంగుతుంది కాని విరగదు, గొట్టం గోడను గీకుతుంది కాని పగలగొట్టదు. అయితే అవి బతుకమ్మ రోజులు. నేను తంగేడు కట్ట భుజాన వేసుకుని వస్తుంటే మా ఆవిడ వాకిట్లోనే ఆపింది.

"బతుకమ్మల పేర్సే పువ్వు పూసే కొమ్మతోని మసి ఊడుస్తవా? కండ్లు పోతయ్!"

"కండ్లు పొగతోని పోతయే, తంగేడుతోని కాదు" అన్నాను కాని, ఆమె వీధి ఆడవాళ్లనందరినీ కూడగట్టేసరికి రాజీకి రాక తప్పలేదు. పూలన్నీ వాళ్లు కోసుకోవాలి, పూలు లేని కొమ్మలు నావి. నాకు తెల్లవారుజామునే ఊరి బయటి మెట్ట చెలక మీదికి పోయి తంగేడు నరికి తెచ్చే పని పెరిగింది, వాళ్లకు ఇంటి ముందరికే పూలు వచ్చాయి. రాజీలన్నీ ఇంతే. అలా రోజుకు రెండు మూడు ఇళ్ల చొప్పున ఊడ్చుకుంటూ పోయాను. వంద అన్నాను కదా, వంద కూడా కాదు. నలభై ఉంటాయి.

అప్పుడు వచ్చింది సిరిసిల్ల నుంచి నా బిడ్డ ఫోను.

"బాపూ, గ్యాస్ అయిపోయి ఆరు రోజులైతాంది. ఇన్ని రోజులు వాకిట్ల మూడు రాళ్లు పెట్టి వండిన. వాన పడుతాంది, పొయ్యి ఇంట్లకు తెచ్చిన. అత్తమ్మకు దమ్ము లేత్తాంది. రాత్రంత కూసునే ఉంటాంది, పండుతలేదు."

ఆ వియ్యపురాలికి ఏళ్ల తరబడి నూలు దుమ్ము మింగిన రొమ్ము. చలిగాలికే ఆయాసం వచ్చే మనిషి. పొగలో అలాగే కూర్చుంటే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"పాత పొయ్యి ఉన్నది గదా బిడ్డా, దాని మీద వండు."

"గొట్టం మూసి ఉన్నది బాపూ."

"ఎవడు మూసిండు గా తెలివి తక్కువోడు?"

 ఫోనులో వెనకాల దగ్గు వినిపించింది, ఆగి ఆగి, లోతుగా.

"నువ్వే బాపూ" అన్నది.

నిజమే. బిడ్డ పెళ్లయిన మరుసటి ఏడు ఆ ఇంటికి గ్యాసు పెట్టించింది నేనే. మా బిడ్డ కళ్లలో ఇక పొగ పడదన్న సంబరంలో, అంతకుముందే కోతులు గొట్టం మీది రేకు టోపీ పీకేసి ఉండటంతో, గొట్టం నోటి మీద కుండ బోర్లించి, చుట్టూ ఇటుక ముక్కలు పేర్చి, సిమెంటు పోసి, కోతి కాదు గదా దాని తాత వచ్చినా కదపలేడన్నట్టు మూశాను. అంతటితో ఆగానా? కిందికి దిగి వచ్చి, "ఇగ గీ పొయ్యి ఎన్నడు ఎలగది చెల్లె, కూరాడును దీని మీద కూసోబెట్టుకో" అని వియ్యపురాలికి సలహా కూడా ఇచ్చాను. కూరాడు అంటే మా వైపు వంటింట్లో పసుపు రాసి నిలిపే కుండ, ఇంటి దేవత. ఆమె నా మాట విని, మంచిరోజు చూసి ఆ కుండను నేను కట్టిన పొయ్యి మీదే నిలిపింది. పైన సిమెంటు, కింద దేవత. అక్కడి మేస్త్రి ఒకాయన వచ్చి చూసి, గొట్టం మొత్తం పగలగొడితే తప్ప దారి లేదన్నాడట. గొట్టం పగిలితే సమ్మె రోజుల్లో కొత్త గొట్టం ఎక్కడ దొరుకుతుంది? నేను మూసిన దాన్ని నేనే తీయాలి. మర్నాడు కోడి కూసేసరికి తంగేడు కట్టలు, తాడు, సుత్తి, ఉలి సైకిలుకు కట్టుకుని బయలుదేరాను.

కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా సైకిలు తొక్కానని నేను చాలామందితో చెప్పాను. సైకిలు కోరుట్ల నుంచి సిరిసిల్ల చేరిన మాట నిజం. మేడిపల్లి దాటీ దాటకముందే చైను తెగింది. రోడ్డు మీద వండి సమ్మె చేసే వంటావార్పుకు పోతున్న ట్రాక్టరువాళ్లు నన్నూ సైకిలునూ పైకెత్తుకున్నారు. ఆ రోజు నేను సైకిలు ఎక్కిన దానికంటే సైకిలు ట్రాక్టర్లు ఎక్కిందే ఎక్కువ.

జగిత్యాలలో చైను వేయించుకుని మల్యాల దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మధ్యలోనే వంటలు. తడిసిన కట్టెలు, అడ్డదిడ్డంగా పెట్టిన రాళ్లు, గుండిగల చుట్టూ పొగ. వండేవాళ్లు కళ్లు తుడుచుకుంటూ పొయ్యిలను తిడుతున్నారు. తొందరలో ఉన్నా నా చేతులు ఊరుకోలేదు. పొయ్యి నోరు గాలి వచ్చే వైపు తిప్పి, ఎదురుగా ఒక రాయి ఎత్తుగా నిలిపి, కింద జానెడు కాలువ తవ్వాను. మంట పట్టుకుంది, పొగ పొలాల మీదికి మళ్లింది. "ఏ ఊరు కాకా నీది? ఇయ్యాల నువ్వు లేకుంటె తెలంగాణ వచ్చెడిది గాదు" అని ఒకతను ఆటపట్టించాడు. నేను ఆ మాటను ఆటగా తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోను. పప్పుచారు, అన్నం పెట్టి, కొడిమ్యాల పోయే ట్రాక్టరులో ఎక్కించారు. అక్కడి నుంచి కొంత తొక్కి, కొంత నడిచి, ఒక పాలవాడి బండి వెనక కొంత దూరం తాడు పట్టుకుని, పొద్దు వాలే వేళకు సిరిసిల్ల చేరాను.

వియ్యపురాలు అరుగు మీద దుప్పటి కప్పుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి కూర్చుని ఉంది. లోపలికి పోతే పొగ, బయట ఉంటే జల్లు. నన్ను చూసి నవ్వింది. ఒక్కో మాటకు ఒక్కో శ్వాస తీసుకుంటూ మాట్లాడింది.

"అచ్చినవా అన్నా... కోతులు... ఒక్కటి గూడ... రాలే లోపటికి."

ఆ మాటకు నేను నవ్వలేకపోయాను. ఆ రాత్రంతా అరుగు మీది నుంచి ఆ దగ్గు వింటూనే ఉన్నాను.

తెల్లవారాక పాత పొయ్యి దగ్గరికి పోయి, కూరాడును జరపమని నా బిడ్డకు చెప్పాను. వియ్యపురాలు గోడ పట్టుకుని వచ్చి అడ్డం నిలబడింది.

"దేవతను కూసోమన్నది నువ్వు. లెవ్వుమనేది గూడ నువ్వే. తానం జేసి, కొబ్బరికాయ కొట్టి, తప్పైందని చెప్పు. గప్పుడు జరుపుత."

శ్వాస అందక ఆమె పెదవులు నల్లబడుతున్నాయి. అయినా పట్టు వదల్లేదు. నేనో, మా ఆవిడతో సహా ఎవరికీ ఆ ఒక్క మాట చెప్పి ఎరగనివాణ్ణి. పైగా అప్పుడే నేను తెచ్చిన కట్టల్లోని తంగేడు పూల కోసం వీధి ఆడవాళ్లు అయిదారుగురు గిన్నెలు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. స్నానం చేసి వచ్చాను. కొబ్బరికాయ కొట్టాను. చేతులు జోడించి, పెదవుల లోపలే "తప్పైంది తల్లీ" అన్నాను.

"కూరాటి తల్లికి ఇనబడలే అన్నా, జర పెద్దగ" అన్నది వియ్యపురాలు.

వాకిట్లో కిసకిసలు. గట్టిగానే చెప్పాను. ఒకసారి చెప్పాక తెలిసింది, ఆ మాట అంత బరువుదేమీ కాదని. అప్పుడు ఆమె నా బిడ్డ చేత కుండను జరిపించింది. దాని కింద, ఆ మట్టిలో, నా అల్లుడు చిన్నప్పుడు వేలు గుచ్చిన గుంట అలాగే ఉంది.

ఇక నిచ్చెన సంగతి. కప్పు ఎక్కింది నేనేనని ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చాను. మూడు మెట్లు ఎక్కిన మాట నిజం. నాలుగో మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాను. పెంకులు పాకురు పట్టి తళతళలాడుతున్నాయి. అల్లుడు ఆ రోజు ఉద్యోగుల శిబిరంలో రిలే నిరాహార దీక్షకు కూర్చున్నాడు. ఉన్నా లాభం లేదు, అతని బరువుకు పెంకులు ఆగవు. నేను పైకీ పోలేక కిందికీ రాలేక నిలబడి ఉంటే, నా బిడ్డ కొంగు నడుముకు దోపుకుని వచ్చి నా భుజం మీది తాడు తీసుకుంది.

"దిగు బాపూ."

అంతే అన్నది. వీధి ఆడవాళ్లు నిచ్చెన పట్టుకున్నారు. ఎదురింటి ముసలావిడ మాత్రం, కోడలుపిల్ల కప్పు ఎక్కుడేందని గొణిగింది. అరుగు మీది నుంచి మా వియ్యపురాలు, లేని ఊపిరి కూడగట్టుకుని జవాబు చెప్పింది.

"నా కోడలు... నా కప్పెక్కింది. నీ కప్పు... ఎక్కలే గదా!"

పైన ఉలి మోగింది. మోగుతూనే ఉంది. నేను వేసిన సిమెంటు ఊడదే. "ఏం కలిపినవ్ బాపూ గిండ్ల?" అని పైనుంచి కేక. చెప్పకూడదు కాని, వియ్యపురాలి దగ్గు ఒక పక్క వినిపిస్తున్నా, నా పనితనానికి నేను లోలోపల మురిసిపోయాను. చివరికి కుండ పగిలింది. తంగేడు కట్ట లోపలికి దిగింది. నేను కింద, గొట్టం అడుగున ఉన్న మసి గూడు తెరిచి తట్ట పట్టి కూర్చున్నాను. పావురాల ఈకలు, పుల్లలు, ఎండిన పేడ, ఆపైన మసి, మసి. తట్టలో పడ్డదానికంటే నా ముఖాన పడ్డదే ఎక్కువ.

అప్పుడు గొట్టం పక్క పెంకు తీసి చూసి, పైనుంచి నా బిడ్డ మళ్లీ పిలిచింది. "బాపూ, వాసం గొట్టానికి ఆనుకున్నది, కొస నల్లగైంది. జానెడు ఎడం ఉండాలంటివి గదా?"

 ఇల్లు కుంగి వాసం జారి ఉంటుంది. అది చూడకుండా పొయ్యి వెలిగించి ఉంటే ఆ కప్పు మిగిలేది కాదు. ఆ మాట నాకు తట్టాలి, తట్టలేదు. నేను తనకు ఈ పని ఎన్నడూ నేర్పలేదు. నేర్పింది కొడుక్కు, వాడికి పట్టలేదు. ఆడపిల్లకెందుకని అనుకున్న పిల్ల, మా ఇంట్లో మసి తట్ట ఎత్తిపోస్తూ, నేను కొడుక్కు చెప్పినవన్నీ విని దాచుకుంది. వాసం కొస తనే రంపంతో కోసింది, నూనె డబ్బా రేకు చుట్టింది, పగుళ్లలో మట్టి మెత్తింది. నేను కింద నిలబడి అవసరం లేని సలహాలు అరిచాను.

దిగి వచ్చాక కూరాడు ముందర వెలుగుతున్న ఊదుబత్తి తీసి పొయ్యి నోటి దగ్గర పట్టుకుంది. పొగ ఒక్క క్షణం నిలువుగా ఆగి, మెల్లగా తల వంచి లోపలికి పోయింది.  పొయ్యి వెలిగించారు. వియ్యపురాలు గడప దాటి లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, నీళ్లు మరిగేదాకా అక్కడే ఉంది. రెండు రోజులకు ఆయాసం దిగింది. మూడో రోజు రాత్రి ఆమె పడుకుని నిద్రపోయింది.

పొయ్యి వెలిగించిన నాటి సాయంత్రమే అల్లుడు దీక్ష ముగించి, మెడలో బంతిపూల దండతో వచ్చాడు. దండ ఒకరి మెడలో, మసి ఒకరి ముఖాన. నా బిడ్డ ముఖం కడుక్కుని తంగేడు పూలతో బతుకమ్మ పేర్చి వీధిలోకి నడిచింది. ఎడమ చెవి వెనకాల మసి మరక అలాగే ఉంది. చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. అది ఉంటేనే బాగుందనిపించింది.

లెక్క అడిగితే ఇప్పుడు నిజం చెబుతాను. నలభై కాదు. కోరుట్లలో పద్నాలుగు, జగిత్యాలలో మామ ఇంట్లో ఒకటి. సిరిసిల్లది నా ఖాతాలో వేసుకోవడానికి లేదు. మొత్తం పదిహేను.

తెలంగాణ వచ్చింది, గ్యాసు బండలు వచ్చాయి, ఇప్పుడు పొగను మీట నొక్కి పంపిస్తున్నారు. మంచిదే. కాని మునుపు పొద్దున్నే వీధిలో నిలబడి కప్పుల వైపు చూస్తే ఏ ఇల్లు లేచిందో, ఏ ఇంట్లో నీళ్లు కాగుతున్నాయో, ఏ ఇంటి పొయ్యి రెండు రోజులుగా వెలగలేదో తెలిసేది. వెలగని ఇంటికి ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని పోయేవారు. ఇప్పుడు ఎవరూ కప్పుల వైపు చూడరు. చూసినా కనిపించేదేమీ లేదు. సిరిసిల్ల ఇంట్లో మాత్రం ఆ పొయ్యి ఇంకా ఉంది. మా వియ్యపురాలు తన స్నానానికి కట్టెల మీద కాగిన నీళ్లే కావాలంటుంది. ఆ రోజు నేను దగ్గరుండి ఊడ్పించిన గొట్టం ఇన్నేళ్లయినా రవ్వంత పొగ ఇంట్లోకి రానివ్వకుండా లాగుతూనే ఉంది. పనితనమంటే అది.

పండుగకు వచ్చిన నా బిడ్డ ఇదంతా నా పక్కన కూర్చుని చదివింది. మా అమ్మ కళ్ల దగ్గర ఆగింది, వాళ్ల అత్త మాటల దగ్గర నవ్వింది. చివరి వాక్యం మీద వేలు పెట్టి నా వైపు తిరిగింది.

"ఒక్కనాడు ఊడిస్తె ఇన్నేండ్లు లాగుతదా బాపూ? గా నాటి సంది నెలనెలా కప్పెక్కి నేను ఊడుస్తున్న. గది రాయలేదేంది?"